డీజే మిక్సర్‌లో ఖాళీకే ఖరీదు

సింహాద్రిపురంలో గానీ, చుట్టుపక్కల తొండూరు, లింగాల, పులివెందుల వైపు గానీ పెండ్లి మెరవణికి డీజే మాట్లాడుకునేటప్పుడు బేరం బాక్సుల దగ్గర మొదలవుతుంది. బేసులెన్ని, టాపులెన్ని, లైట్లు ఎట్లుంటాయి, జనరేటర్ బండిలోనే ఉంటుందా. మిక్సర్ ఏదని అడిగేవాళ్ళు అరుదు. బండి మీద పేర్చిన బాక్సులు వీధి చివరి నుంచే కనిపిస్తాయి. మిక్సర్ ఆపరేటర్ మోకాళ్ళ దగ్గర ఉంటుంది, అతనికి తప్ప ఎవరికీ కనిపించదు. కొత్తగా సౌండ్ సర్వీస్ పెట్టుకునే కుర్రవాళ్ళు సామాను కొనే వరస కూడా చాలాసార్లు ఇదే: ముందు బాక్సులు, తర్వాత యాంప్లిఫయర్లు, మిగిలిన చిల్లరతో మిక్సర్. ఈ వరసను తిరగేయాలని నా వాదన. బాక్సుల మీద పెట్టే ఖర్చులో కొంత తగ్గించి మిక్సర్ మీద పెడితే పాట బాగుంటుంది, కాలిపోయే స్పీకర్ కాయిల్స్ తగ్గుతాయి, ఊరి చెవులకూ కొంత ఊరట దొరుకుతుంది. అయితే ఏ మిక్సర్ అన్నది తెలియాలి. బటన్లు ఎక్కువున్నదే మంచిదనుకుని కొంటే ఆ డబ్బూ వృథాయే.

ముందు బాక్సుల లెక్క తేల్చుకుందాం. యాంప్లిఫయర్ వాట్లు రెట్టింపు చేస్తే శబ్దం రెట్టింపైనట్టు వినిపించదు. పెరిగేది 3 డెసిబెల్లు. శ్రద్ధగా వింటే తేడా తెలుస్తుంది గానీ, చిందు వేస్తున్నవాడు దాన్ని పట్టించుకోడు. మనిషి చెవికి శబ్దం రెండింతలైనట్టు తోచాలంటే సుమారు 10 డెసిబెల్లు పెరగాలి, అందుకు పదింతల పవర్ కావాలి. నాలుగు వేల వాట్ల బండిని ఎనిమిది వేల వాట్లకు పెంచినవాడు లక్షలు పోసి కొన్నది ఆ 3 డెసిబెల్లనే. ఆరుబయట స్పీకర్‌కు ఇరవై అడుగుల దూరంలో ఉన్న మనిషి పది అడుగులకు జరిగితే పైసా ఖర్చు లేకుండా 6 డెసిబెల్లు ఎక్కువ వింటాడు. అది వాట్లను నాలుగింతలు చేసినంత పని. వాట్ల పోటీలో గెలిచేవాడు ఉండడని దీన్నిబట్టే తెలుస్తుంది. పోటీ తెగేది పాట ఎంత శుభ్రంగా వచ్చిందన్న దగ్గరే, దానికి తాళం మిక్సర్‌లో ఉంది.

డీజే మిక్సర్ పుట్టిన తీరు చూసినా ఇదే తెలుస్తుంది. న్యూయార్క్‌లో అలెక్స్ రోస్నర్ అనే సౌండ్ ఇంజనీరు 1971లో హేవెన్ అనే క్లబ్ కోసం ఒక మిక్సర్ తయారు చేశాడు. ఎర్ర రంగు వేసి ఉండడంతో దాన్ని రోజీ అని పిలిచేవారు. ఆ రోజుల్లోనే స్పీకర్ల తయారీకి పేరున్న రూడీ బోజాక్ కంపెనీ సీఎంఏ-10-2డీఎల్ అనే మిక్సర్‌ను అమ్మకానికి తెచ్చింది. క్లబ్బుల్లో అది ఏళ్ళ తరబడి రాజ్యమేలింది. ఈ యంత్రాలు చేసిన పనులు రెండే రెండు. ఒకటి, జనం ఒక పాట వింటుండగా ఆపరేటర్ తర్వాతి పాటను హెడ్‌ఫోన్‌లో వినగలగడం. రెండు, రెండు పాటలనూ కలిపి పాడుచేయకుండా యాంప్లిఫయర్‌కు అందించడం. బ్రాంక్స్ వీధుల్లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అనే డీజే తన సామానుకు సొంతంగా స్విచ్ బిగించుకున్నది ఈ మొదటి పని కోసమే. జమైకాలోని కింగ్‌స్టన్‌లో కింగ్ టబ్బీ అనే సౌండ్ ఇంజనీరు మిక్సింగ్ బల్లనే వాద్యంగా మార్చి, బేస్‌ను తీసేసి, మళ్ళీ వదిలి, పాటలకు కొత్త రూపమిచ్చాడు. వీధిలో బాక్సులు పేర్చి ఊరంతా ఆడించే జమైకా సౌండ్ సిస్టమ్ మన డీజే బండికి దూరపు చుట్టమే. ఎఫెక్టులు, బీట్లు లెక్కపెట్టే మీటరు వంటివి మిక్సర్‌లోకి చేరింది 1990ల మధ్యలో పయొనీర్ డీజేఎం-500 వచ్చాకే. అవి లేకుండానే పాతికేళ్ళ పాటు జనం ఆడారు.

శుభ్రంగా అందించడమంటే ఏమిటో వోల్టులలో చెప్పుకుంటే తేలికగా అర్థమవుతుంది. వృత్తి పరికరాలు +4 డీబీయూ అనే స్థాయి చుట్టూ పనిచేస్తాయి. అది 1.23 వోల్టులు. ఇళ్ళలో వాడే ప్లేయర్లు ఇంకా కింద, 0.316 వోల్టుల దగ్గర నడుస్తాయి. అయితే పాట ఎప్పుడూ ఆ సగటు దగ్గరే నిలవదు. తప్పెట మీద పుల్ల పడ్డ క్షణంలో సిగ్నల్ 10, 15 డెసిబెల్లు పైకి ఎగిరి మరుక్షణం దిగిపోతుంది. సర్క్యూట్‌కు ఇచ్చే కరెంటు ఎంత వోల్టేజీదో ఆ హద్దు దాటి ఏ అలా ఎగరలేదు; ఎగరబోతే దాని తల తెగుతుంది. మామూలు స్థాయికీ తల తెగే స్థాయికీ మధ్య ఉన్న ఎడాన్నే హెడ్‌రూమ్ అంటారు. పాలు కాచే గిన్నెలో పొంగుకు చోటు వదిలినట్టే మంచి మిక్సర్ తయారుచేసినవాడు సిగ్నల్ పైన చోటు వదులుతాడు. +20 డీబీయూ దాకా, అంటే 7.75 వోల్టుల దాకా అలను తెంపకుండా ఇవ్వగల మిక్సర్‌లో ఆ చోటు 16 డెసిబెల్లు. గట్టి పవర్ సప్లై, గొణుగుడు తక్కువున్న చిప్పులు, లోపలి ప్రతి దశలోనూ జాగ్రత్త ఉంటేనే అది వస్తుంది. మిక్సర్ ధరలో కంటికి కనిపించని భాగం ఇదే. బయటికి ఒకేలా కనిపించే రెండు మిక్సర్లలో ఒకటి నాలుగింతల ధర పలకడానికి ముఖ్య కారణం కూడా ఇదే.

ఇక్కడ ఒక తెలివైన అభ్యంతరం ఉంది. చాలా యాంప్లిఫయర్లు 0.775 వోల్టు నుంచి 1.4 వోల్టుల ఇన్‌పుట్ అందగానే పూర్తి పవర్ ఇచ్చేస్తాయి. మరి మిక్సర్ 7.75 వోల్టుల దాకా ఎగరగలిగితే మనకేం లాభం, యాంప్లిఫయర్ అంతకుముందే చేతులెత్తేస్తుంది కదా? ప్రశ్న సరైనదే, జవాబు రెండు చోట్ల ఉంది. యాంప్లిఫయర్‌కు ముందువైపు ఉన్న గెయిన్ నాబ్ అందుకోసమే. దాన్ని తగ్గించి పెట్టుకుంటే మిక్సర్ తనకు అనువైన చోట నడుస్తుంది, యాంప్లిఫయర్ తన హద్దులో ఉంటుంది. రెండోది ఇంకా ముఖ్యం. అల తెగేది మిక్సర్ చివర మాత్రమే కాదు. పాట ముందు ఛానల్ గెయిన్ దాటాలి, తర్వాత ఈక్వలైజర్, ఆపైన ఫేడర్, ఆపైన పాటలన్నీ కలిసే చోటు, చిట్టచివర మాస్టర్. ఛానల్ గెయిన్ దగ్గరే తెగిపోయిన అలను మాస్టర్ తగ్గించి అతకలేం. చెడిపోయిన పాటే కాస్త మెల్లగా వినిపిస్తుంది, అంతే. మాస్టర్ సగంలోనే ఉంది, అయినా శబ్దం ఎందుకు పగులుతోందని తల పట్టుకునే ఆపరేటర్లకు తరచుగా జవాబు ఈ మొదటి నాబ్ దగ్గర దొరుకుతుంది.

అందుకే మిక్సర్ కొనేటప్పుడు నేను ముందు చూడమనేది మీటర్లను. ప్రతి ఛానల్‌కూ విడిగా దీపాల వరస ఉండాలి, మాస్టర్‌కు మరొకటి ఉండాలి. చవక మిక్సర్లలో మొత్తానికి ఒకటే మీటరు ఉంటుంది, లేదా ఛానల్‌కు ఒక్క ఎర్రదీపం ఉంటుంది. పొంగాక చెప్పే దీపం అది. దీపాలు పచ్చలో ఉన్నంతసేపు చోటు మిగిలి ఉన్నట్టు, పసుపు అప్పుడప్పుడు తాకితే సరిపోయినట్టు, ఎర్ర వెలిగితే అల తెగుతున్నట్టు. మన బండ్ల మీద ఎర్రదీపాన్ని ఉత్సాహానికి గుర్తుగా చూసే అలవాటొకటి ఉంది. దాని ఖరీదు సర్వీస్ యజమానే చెల్లిస్తాడు. గుండ్రటి అల తల పూర్తిగా తెగి చదరంగా మారితే, ఎత్తు అంతే ఉన్నా అది మోసుకొచ్చే పవర్ రెండింతలవుతుంది. పైగా తెగిన అంచుల నుంచి మూడింతలు, అయిదింతలు, ఏడింతల ఫ్రీక్వెన్సీలు పుడతాయి. అవి నేరుగా, పైస్థాయి శబ్దాలను మోగించే ట్వీటర్‌కు పోతాయి. టాపుల్లోని సన్నటి కాయిల్ ఆ వేడికి తట్టుకోలేదు. కడప జిల్లా ఎండల్లో, బాక్సు చుట్టూ గాలే నలభై డిగ్రీలు దాటి ఉండగా, కాయిల్ చల్లారే అవకాశం ఇంకా తక్కువ. యాంప్లిఫయర్ పెద్దదవడం వల్ల కాయిల్ కాలిందని చాలామంది అనుకుంటారు గానీ, చిన్న యాంప్లిఫయర్‌ను హద్దు మీరి తోలడం వల్ల కాలినవీ తక్కువేం కాదు.

వీధిలో, కేకల మధ్య, టపాకాయల మధ్య, ఇంత సూక్ష్మమైన తేడా ఎవరు గమనిస్తారని అడగొచ్చు. పేరు పెట్టి చెప్పలేకపోవచ్చు, కానీ గమనించకుండా ఎవరూ ఉండరు. చెవి అన్నిటికంటే చురుకుగా ఉండేది 2,000 నుంచి 5,000 హెర్ట్జ్‌ల మధ్య. మాటలోని హల్లులు స్పష్టమయ్యేదీ చాలావరకు అక్కడే. తెగిన అల చెత్త ఎక్కువగా పోగయ్యేదీ అక్కడే. పాటలో మాట తెలియదు, శబ్దం మాత్రం గుచ్చుతుంది. అప్పుడు పక్కనున్నవాళ్ళు ‘ఇంకా పెంచు’ అంటారు. వాళ్ళు అడుగుతున్నది నిజానికి స్పష్టతను. ఆపరేటర్ పెంచుతాడు, ఇంకా తెగుతుంది, ఇంకా తెలియకుండా పోతుంది. శుభ్రంగా వచ్చే పాటకు ఈ ఎగబాకుడు అవసరం పడదు. జనానికి కావలసింది మోతే అన్న వాదన ఎంతవరకు నిజమో ఇక్కడ తేలిపోతుంది: కడుపులో తగిలే బేస్ కావాలన్నది నిజం, చెవిలో గుచ్చే పగులు కావాలని ఎవరూ అడగలేదు.

బేస్ సంగతి వచ్చింది కాబట్టి ఈక్వలైజర్ గురించి చెప్పాలి. డీజే మిక్సర్‌లో ఛానల్‌కు మూడు నాబులు ఉంటాయి: కింద బేస్, మధ్యలో మిడ్, పైన ట్రెబుల్. కొన్ని అల్లెన్ అండ్ హీత్ మిక్సర్లలో నాలుగుంటాయి. చూడాల్సింది అది ఎంత పెంచుతుందని కాదు, ఎంతవరకు తగ్గించగలదని. పూర్తిగా ఎడమకు తిప్పితే బేస్ మొత్తం మాయమవ్వాలి. ఆ గుణాన్ని కిల్ అంటారు. ఒక పాట నుంచి మరో పాటకు పోయేటప్పుడు రెండు బేసులు ఒకేసారి మోగితే ఆ భాగంలో 3 డెసిబెల్లు పెరుగుతాయి. దెబ్బలు సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడితే 6 దాకా పోతుంది. ముందే అంచు మీదున్న బండికి అది చాలు తల తెగడానికి. నేర్పరి ఆపరేటర్ కొత్త పాట బేస్ తీసి పెట్టి, పాత పాట బేస్ దించుతూ దీన్ని ఎక్కిస్తాడు. కిల్ సరిగ్గా లేని మిక్సర్‌లో ఈ పని కుదరదు.

ఆ బేస్ నాబ్‌కు చట్టంతో కూడా సంబంధం ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లే హద్దు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్ వాడరాదు. పండుగల వేళ ఏడాదిలో పదిహేను రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. 2005 జులైలో సుప్రీంకోర్టు, లౌడ్‌స్పీకర్ పెట్టిన బహిరంగ స్థలం అంచు దగ్గర శబ్దం ఆ ప్రాంతపు ప్రమాణం కంటే 10 డెసిబెల్లు ఎక్కువగా లేదా 75 డెసిబెల్లుగా, ఏది తక్కువైతే అంతవరకే ఉండాలంది. ఈ కొలత చెవి స్వభావాన్ని అనుసరించే ‘ఏ’ తూకంలో జరుగుతుంది. ఆ తూకం 50 హెర్ట్జ్ దగ్గర 30 డెసిబెల్లు తీసేసి లెక్కిస్తుంది. మీటరు మామూలు అంకె చూపిస్తుండగానే గోడలు అదరడానికి, కిటికీ రేకులు గలగలమనడానికి కారణమిదే. 50 హెర్ట్జ్ అల పొడవు దాదాపు ఏడు మీటర్లు. ఇండ్ల మలుపులు దానికి అడ్డం కావు, తలుపు మూస్తే ఆగదు. ఇల్లు కదిలేంత బేస్‌తో చిన్న బిడ్డలున్న వీధి, ఆసుపత్రి ముందు వీధి దాటేటప్పుడు బేస్‌ను ఒక్క 6 డెసిబెల్లు దించితే ఆటకు లోటు రాదు, లోపలున్నవాళ్ళకు తేడా తెలుస్తుంది.

ఇంత గొడవెందుకు, డీజేలనే ఆపేస్తే పోదా అన్న మాట ఊళ్ళలో గట్టిగానే వినిపిస్తోంది. హైదరాబాద్ పోలీసులు 2024 అక్టోబరు 1న మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను పూర్తిగా నిషేధించారు. ఆ ఉత్తర్వులో సౌండ్ మిక్సర్ల పేరూ ఉంది. బాధపడినవాళ్ళ ఫిర్యాదు నిజమైనదే. అమెరికాలో కార్మికుల ఆరోగ్యాన్ని చూసే నియోష్ సంస్థ లెక్కలో 85 డెసిబెల్లను ఎనిమిది గంటలు భరించవచ్చు, 100 డెసిబెల్లను పదిహేను నిమిషాలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వినోద వేదికలకు పెట్టిన ప్రమాణం కూడా పదిహేను నిమిషాల సగటున 100 దాటొద్దంటుంది. బండి వెనకే మూడు గంటలు నడిచే కుర్రవాడి చెవికి, ఆ బండి మీదే సీజనంతా కూర్చునే ఆపరేటర్ చెవికి ఈ అంకెలు వర్తిస్తాయి. అయినా నిషేధం నగరపు పెద్ద ఊరేగింపులో అమలైనట్టు ఊరి పెండ్లిలో అమలు కాదని నాకనిపిస్తుంది. నిషేధం లేనిచోట శబ్దాన్ని అదుపులో పెట్టగల చెయ్యి ఒక్కటే, మిక్సర్ మీద ఉన్నది. మాస్టర్‌కు శబ్దాన్ని హద్దు దాటనివ్వని లిమిటర్ ఉన్న మిక్సర్ కొనుక్కుని, లేదా మిక్సర్‌కూ యాంప్లిఫయర్‌కూ మధ్య, బేసునూ టాపునూ విడదీసే క్రాసోవర్‌లో లిమిటర్ పెట్టుకుని, హద్దు ముందే బిగించేస్తే, పెంచమని భుజం తట్టేవాళ్ళకు ఆపరేటర్ జవాబు చెప్పుకునే పని కూడా తగ్గుతుంది.

మన ఊళ్ళలో పాట ఒక్కటే కాదు, మైకు కూడా అంతే ముఖ్యం. పంతులు గారి మంత్రం, చదివింపుల పేర్లు, ఊరి పెద్ద నాలుగు మాటలు అన్నీ ఆ బండి నుంచే. క్లబ్బు కోసం చేసిన మిక్సర్లలో మైకు ఇన్‌పుట్ చాలాసార్లు తూతూమంత్రం. మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్, దానికి సొంత ఈక్వలైజర్, మాట్లాడగానే పాటను దానంతటదే తగ్గించే టాక్‌ఓవర్ ఉంటే అది మన ఊరికి పనికొచ్చే మిక్సర్. పంతులు గారి మైకుకు ఎకో పెట్టడం మాత్రం దయచేసి మానేయాలి. ఆ మూడు పిన్నుల తీగకు ఇంకో గుణముంది: రెండు తీగల్లో ఒకే సిగ్నల్‌ను ఒకదానికొకటి తలకిందులుగా పంపి, దారిలో రెండింటికీ సమానంగా అంటిన గోలను చివర్లో కొట్టేస్తుంది. అవుట్‌పుట్ కూడా అలాంటిదే ఉండాలి. ఫంక్షన్ హాలులో వంద అడుగుల తీగ లాగినప్పుడు మామూలు ఆర్‌సీఏ పిన్ను గోలంతా మోసుకొస్తుంది. జనరేటర్ మీద ఒకటి, హాలు కరెంటు మీద ఒకటి పెట్టి రెండు పరికరాలను కలిపితే వినిపించే 50 హెర్ట్జ్ గుంయ్‌మనే శబ్దానికి మందు మిక్సర్ మార్చడం కాదు, రెండింటికీ కరెంటు ఒకే చోటు నుంచి ఇవ్వడం. దీనికోసం ఎర్త్ పిన్ను పీకేయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

లాప్‌టాప్, దానికో కంట్రోలర్ ఉంటే మిక్సర్ ఎందుకన్నది ఇప్పటి ప్రశ్న. ధర చూస్తే న్యాయమైనదే. నేర్చుకునేవాడు కంట్రోలర్‌తోనే మొదలుపెట్టాలి. కానీ చవక కంట్రోలర్లలో చాలావాటికి ఆర్‌సీఏ అవుట్‌పుట్ తప్ప ఉండదు. ఎండలో లాప్‌టాప్ వేడెక్కి ఆగితే వాటిలో చాలావరకు పనిచేయవు, మెరవణి కూడా ఆగుతుంది. విడి మిక్సర్‌కు ఫోనైనా, పెన్ డ్రైవ్ ప్లేయరైనా మరుక్షణం తగిలించుకోవచ్చు. సింక్ బటన్ నొక్కితే బీట్లు కలిసిపోతాయన్న భరోసా కూడా మన పాటలకు పూర్తిగా చెల్లదు. మూడు మూడుగా నడిచే జానపద దరువులను సాఫ్ట్‌వేర్ తరచు నాలుగు నడకలో లెక్కించి, వేగాన్ని ఒకటిన్నర రెట్లు తప్పుగా చూపిస్తుంది. అప్పుడు దిక్కు హెడ్‌ఫోనూ చెవీ. తర్వాతి పాటను హెడ్‌ఫోన్‌లోకి పంపే క్యూ బటన్లు ప్రతి ఛానల్‌కూ ఉండడం, గోలలోనూ వినిపించేంత బలంగా హెడ్‌ఫోన్ అవుట్‌పుట్ ఉండడం అందుకే ఎఫెక్టుల సంఖ్య కంటే విలువైనవి.

పెట్టె మీద రాసిన అంకెల్లో కొన్నిటిని నమ్మొచ్చు, కొన్నిటిని వదిలేయొచ్చు. 20 నుంచి 20,000 హెర్ట్జ్ అన్నది అందరూ రాస్తారు. పక్కన ప్లస్ మైనస్ ఎన్ని డెసిబెల్లో లేకపోతే దానికి అర్థం లేదు. గరిష్ఠ అవుట్‌పుట్ స్థాయి రాసి ఉందా లేదా చూడాలి, రాయనివాడు దాస్తున్నాడనే అనుకోవాలి. రికార్డు ప్లేయర్ కోసం ఉండే ఫోనో ఇన్‌పుట్లకు మన దగ్గర పని లేదు, వాటి కోసం ఎక్కువ పెట్టనక్కరలేదు. రెండు ఛానళ్ళు, మైకు చాలు. నాలుగు ఉంటే సుఖం. ఫేడర్ సంగతి మాత్రం దుమ్ము దృష్టితో చూడాలి. బండరాళ్ళ లారీలు తిరిగే ఈ దారుల్లో మామూలు కార్బన్ ఫేడర్ త్వరగా కరకరమంటుంది. ఆడియో తన గుండా పోకుండా వోల్టేజీతో మాత్రమే అదుపుచేసే వీసీఏ ఫేడర్‌లోనూ, అయస్కాంతపు ఫేడర్‌లోనూ ఆ బెడద బాగా తక్కువ. పాత మిక్సర్ కొంటుంటే పాటేమీ పెట్టకుండా హెడ్‌ఫోన్ తగిలించి, గెయిన్లు మధ్యలో పెట్టి, ప్రతి ఫేడర్‌నూ మెల్లగా పైకీ కిందికీ జరపాలి. తర్వాత బాగా తెలిసిన ఒక పాట పెట్టి గెయిన్‌ను ఎర్రదీపం అంచు దాకా తెచ్చి, అక్కడి నుంచి ఒక్క గీత దించి, ఆ పాటలో గొంతు ఎలా ఉందో వినాలి. కొత్తదానికైనా ఇదే పరీక్ష, కాకపోతే షాపులో వాళ్ళు తగిలించి ఇచ్చే డెమో పాట వద్దని చెప్పి, సీజనులో రోజూ మోగించబోయే ఎంపీ3నే పెన్ డ్రైవ్‌లో తీసుకుపోవాలి.